వేడి ప్రాంతంలో ఇంటి గ్రీన్‌హౌస్: గోడలు తీసేశాకే కాయలు

టమాటా పూకాడను దగ్గరగా చూస్తే మధ్యలో చిన్న కణుపు కనిపిస్తుంది. ఎండలు ముదిరినప్పుడు పువ్వు రాలేది సరిగ్గా అక్కడే. ముందు ఆ కణుపు పసుపు రంగుకు తిరుగుతుంది. మర్నాడు వేలు తగిలితే చాలు, పువ్వు పుటుక్కున విడిపోయి కింద పడుతుంది. నేను మొదటిసారి కట్టుకున్న పాలిథీన్ గ్రీన్‌హౌస్‌లో రెండు వారాలపాటు రోజూ ఇదే చూశాను. మొక్కలు నడుము దాటి పెరిగాయి, ఆకులు నిగనిగలాడుతున్నాయి, గుత్తులు గుత్తులుగా పూత వచ్చింది. పిందె మాత్రం ఒక్కటీ నిలవలేదు. పోషకాలు చాలలేదేమోనని ఎరువు వేశాను, నీళ్లు పెంచాను. ఏదీ పనిచేయలేదు. చివరికి ఆకుల మధ్య నీడపట్టున థర్మామీటర్ వేలాడదీశాను. ఉదయం 11 గంటలకు 46 డిగ్రీలు! బయట అప్పటికి 35 మాత్రమే.

తప్పు మొక్కలది కాదు, నేను కట్టిన ఇంటిది. చలి దేశాల కోసం పుట్టిన నిర్మాణాన్ని ఉన్నదున్నట్టుగా వేడి ప్రాంతంలో నిలబెట్టాను. రెండు వేల ఏళ్ల కిందట రోమన్ చక్రవర్తి టైబీరియస్‌కు ఏడాదంతా దోసకాయలు అందించడానికి తోటమాలులు తొట్లకు చక్రాలు అమర్చి, చలి రోజుల్లో వాటిని పారదర్శకమైన రాతి పలకల కింద ఉంచేవారట. అప్పటినుంచి గ్రీన్‌హౌస్ అంటే వెచ్చదనాన్ని దాచుకునే పెట్టె అన్న ఆలోచనే స్థిరపడింది. పుస్తకాలు, వీడియోలు, అమ్మే కిట్లు చాలావరకు ఆ ఆలోచనతోనే వస్తాయి. వెచ్చదనానికి కరువు లేని చోట గ్రీన్‌హౌస్ ఎందుకు మరి? వాన దెబ్బ నుంచి కాపు, మండుటెండ నుంచి నీడ, పురుగుల నుంచి అడ్డు. ఈ మూడే మనకు కావాలి. ఇందులో దేనికీ మూసిన గోడలు అక్కర్లేదు.

వేడి ఎలా వస్తుంది, ఎటు పోతుంది

గాజు ఇల్లు ఎందుకు వేడెక్కుతుందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటుంది: వెలుతురు లోపలికి వస్తుంది, నేల నుంచి తిరిగి వెలువడే వేడి కిరణాలను గాజు బయటికి పోనివ్వదు. ఇది కొంతవరకే నిజం. 1909లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రెండు చిన్న పెట్టెలు చేసి, ఒకదానికి గాజు మూత, రెండోదానికి రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. రాతి ఉప్పు వేడి కిరణాలను ఆపదు, దాటిపోనిస్తుంది. అయినా రెండు పెట్టెలూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అంటే అసలు కారణం కిరణాలు చిక్కుకోవడం కాదు, వేడెక్కిన గాలి పైకి లేచి పోవడానికి దారి లేకపోవడం.

ఈ ఒక్క విషయం అర్థమైతే చాలా చిక్కుముళ్లు విడిపోతాయి. గాజు మేలా, పాలికార్బొనేట్ మేలా, పాలిథీన్ మేలా అని వారాల తరబడి తర్జనభర్జన పడతాం. వేడి ప్రాంతంలో ఆ ప్రశ్న రెండోది. కప్పులో, పక్కల్లో ఎంత ఖాళీ వదిలాం అన్నదే మొదటిది.

కాస్త లెక్క వేద్దాం. నిర్మలమైన మధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద పడే ఎండ శక్తి సుమారు 1,000 వాట్లు. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు ఉన్న చిన్న గ్రీన్‌హౌస్ అంటే 12 చదరపు మీటర్లు. షీటు ఆపింది పోగా సుమారు 10 కిలోవాట్లు లోపలికి దిగుతుంది. పెద్ద రూమ్ హీటర్లు ఐదు పెట్టి ఒకేసారి ఆన్ చేసినట్టు! ఆ వేడిని వదిలించుకునే మార్గాలు మూడే: లోపలికి రాకముందే ఆపడం, వచ్చాక గాలితో బయటికి పంపడం, నీటిని ఆవిరి చేసి అందులో కలిపేయడం.

మూడో మార్గంలో మనకు జీతం అడగని పనివాళ్లు ఉన్నారు: మొక్కలే. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి పడుతుంది. బాగా ఎదిగిన టమాటా మొక్క ఎండాకాలంలో రోజుకు రెండు మూడు లీటర్ల నీరు తాగి దాదాపు అంతా ఆకుల గుండా వదిలేస్తుంది. ఇరవై మొక్కలు తలా రెండు లీటర్లు వదిలినా 27 యూనిట్ల వేడి పోయినట్టే. ఆ 12 చదరపు మీటర్ల మీద రోజంతా పడే ఎండ శక్తి 60 యూనిట్ల పైచిలుకు ఉంటుందనుకుంటే, దాదాపు సగం పని మొక్కలే చేస్తున్నాయి. ఖాళీ గ్రీన్‌హౌస్, అప్పుడే నారు నాటిన గ్రీన్‌హౌస్ అన్నిటికన్నా వేడిగా ఉండేది ఇందుకే. లేత మొక్కలకు నీడ ఎక్కువ కావాలి. గుబురు పెరిగేకొద్దీ ఆ నీడను కొంచెం కొంచెంగా తగ్గించుకోవచ్చు.

వేడిలోనూ రెండు రకాలు

ఒకరికి అద్భుతంగా పనిచేసిన పద్ధతి మరొకరి పంటను కుళ్లబెడుతుంది. ఇద్దరి చోటా ఎండలు మండుతుంటాయి, తేడా గాలిలోని తేమది. పొడి వేడి, ఉక్క వేడి అని రెండున్నాయని గుర్తు పెట్టుకోకుండా ఎవరి సలహా విన్నా చిక్కే.

నీటి ఆవిరితో గాలిని చల్లబరచడానికి ఒక హద్దు ఉంది. థర్మామీటర్ గుండుకు తడి గుడ్డ చుట్టి, దానికి గాలి తగిలేలా విసిరితే పాదరసం దిగి ఒకచోట ఆగుతుంది కదా, ఆ హద్దు అదే. 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతమే ఉంటే తడి గుడ్డ థర్మామీటర్ సుమారు 23 దగ్గర ఆగుతుంది. తడిపిన ప్యాడ్ల గుండా ఫ్యాన్‌తో గాలిని లోపలికి లాగే తడి ప్యాడ్, ఫ్యాన్ పద్ధతి బాగా పనిచేస్తే ఈ తేడాలో 80 శాతం దాకా సాధిస్తుంది. అంటే 40 డిగ్రీల గాలి 26 దగ్గరికి వచ్చి లోపలికి దిగుతుంది. వినడానికే హాయిగా ఉంది. ఇప్పుడు ఉక్కపోత ప్రాంతాన్ని చూడండి. 33 డిగ్రీలు, తేమ 80 శాతం. తడి గుడ్డ 30 దగ్గరే ఆగిపోతుంది. ఎంత మంచి కూలర్ పెట్టినా రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గదు. పైగా ఉన్న తేమకు ఇంకా తేమ కలిపి బూజు తెగుళ్లకు ఇల్లు అలికి ముగ్గు పెట్టినట్టవుతుంది.

కాబట్టి ఏదైనా కొనేముందు వేసవి మధ్యాహ్నం ఈ తడి గుడ్డ పరీక్ష చేయండి. మామూలు థర్మామీటర్‌కూ దీనికీ తేడా 10 డిగ్రీలకు పైన ఉంటే పొగమంచులా చల్లే ఫాగర్లు, తడి ప్యాడ్లు మీకు పనికొస్తాయి. 5 లోపే ఉంటే ఆ డబ్బు నీడ మీద, కప్పు ఎత్తు మీద పెట్టండి.

మొక్క వైపు నుంచి చూస్తే దీన్నే వీపీడీ అనే కొలతతో చెబుతారు. గాలి ఇంకా ఎంత ఆవిరి తాగగలదు, అంటే గాలి దాహం ఎంత అని దాని అర్థం. చాలా కూరగాయలకు 0.8 నుంచి 1.2 కిలోపాస్కల్ మధ్య సుఖంగా ఉంటుంది. 35 డిగ్రీల దగ్గర తేమ 40 శాతం ఉంటే ఇది 3.4కు పోతుంది. వేళ్లు అందించేదానికంటే ఎక్కువ నీటిని గాలి లాగేస్తుంటే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. నీరు పోవడం ఆగుతుంది, దాంతోపాటే చల్లదనం, ఆహార తయారీ ఆగుతాయి. అదే 35 డిగ్రీల దగ్గర తేమ 80 శాతం ఉంటే వీపీడీ 1.1. లెక్క ప్రకారం ఆకు హాయిగానే ఉండాలి. ఉంటుంది కూడా, కానీ పువ్వు ఉండదు. అంత వేడిలో పుప్పొడి చెడిపోతుంది, ఆ తేమకు ముద్దగా అంటుకుపోయి రాలదు. ఆకులు పచ్చగా కళకళలాడుతూ ఒక్క పిందె కూడా నిలవని విచిత్రం ఇలాగే జరుగుతుంది. ఆకు ఆరోగ్యాన్ని చూసి పంట ఆరోగ్యాన్ని అంచనా వేయడం మనం ఎక్కువగా చేసే పొరపాటు.

గొడుగు, జల్లెడ

ఇక కట్టడం. పైన వాన ఆపే గొడుగు, చుట్టూ పురుగును ఆపే జల్లెడ, ఈ రెండు మాటలు మనసులో పెట్టుకుంటే నిర్మాణం దానంతటదే ఒక రూపానికి వస్తుంది.

ముందు ఎత్తు. వేడి గాలి తేలిక, పైకి పోతుంది. కప్పు నెత్తిన తెరిచి ఉంటే బయటికి వెళ్లి, కింద పక్కల నుంచి కొత్త గాలిని లాగుతుంది. కింది తెరుపుకూ పై తెరుపుకూ మధ్య ఎత్తు పెరిగేకొద్దీ ఈ లాగుడు బలపడుతుంది. అయితే ఎత్తు రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు కాదు, 1.4 రెట్లవుతుంది. అందుకని ఆకాశమంత ఎత్తు అక్కర్లేదు. ఇంటి మట్టుకు పక్క గోడ 2.5 మీటర్లు, నడిమిట్ట, అంటే కప్పు మధ్యలోని శిఖరం, 3.5 మీటర్లు ఉంటే మొక్కల తలల పైన వేడి గాలి నిలవడానికి చోటు దొరుకుతుంది. మనిషి తల తగిలే ఎత్తులో కట్టిన గుడారంలో ఆ వేడంతా పూల గుత్తుల దగ్గరే నిలబడుతుంది.

నడిమిట్ట పొడవునా కప్పు రెండు పలకలు ఒకదానిమీదొకటి ఎక్కి, మధ్యలో జానెడున్నర సందు ఉండేలా చేయండి. వాన పడదు, గాలి పోతుంది. ఆ సందు నోరు మామూలుగా గాలి వచ్చే దిశకు వెనక వైపు ఉండాలి. అప్పుడు బయటి గాలి లోపలి గాలిని లాక్కుపోతుంది. ఎదురుగా పెడితే గాలివాన లోపలికే కొడుతుంది. ఇల్లు మరీ వెడల్పుగా ఉంటే పక్కగాలి నడిమికి చేరదు. పెరటి నిర్మాణం 6 మీటర్ల లోపు వెడల్పులో, పొడవాటి పక్క గాలికి ఎదురుగా ఉంటే సరిపోతుంది. ఏ దిక్కుకు పెట్టాలన్న చర్చ చలి దేశాల్లో పెద్దది. ఎండ నడినెత్తిన కాసే చోట గాలి దిశే ముఖ్యం.

నెట్ దగ్గర పెద్ద బేరం ఉంది. తామర పురుగు అతి సన్నటిది, దాన్ని ఆపాలంటే నెట్ కన్ను 0.2 మిల్లీమీటర్లకు మించకూడదు. తెల్లదోమకు 0.25 దగ్గర. కన్ను అంత సన్నగా ఉంటే లోపలికి వచ్చే గాలి సగానికి పడిపోవచ్చు. పురుగును ఆపామని సంతోషించేలోపు పూత రాలుతుంది. దీనికి నేను నమ్మే పరిష్కారం నెట్ విస్తీర్ణం పెంచడం. కిటికీ ఖాళీకి సరిగ్గా బిగించకుండా, బయటికి పొడుచుకొచ్చిన పెట్టెలా చట్రం కట్టి దాని చుట్టూ నెట్ కడితే, అదే ఖాళీకి రెండు మూడు రెట్ల నెట్ దొరుకుతుంది. గాలి తీరిగ్గా లోపలికి వస్తుంది. నెలకోసారి పైపుతో కడగాలి. దుమ్ము పట్టిన సన్నకన్ను నెట్ గోడతో సమానం. తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్ మీ చుట్టుపక్కల లేకపోతే అసలు ఇంత సన్నటి నెట్ జోలికి వెళ్లొద్దు. పక్షులను, పెద్ద సీతాకోకలను ఆపే మామూలు నెట్ చాలు.

గాలి అసలు కదలని చోట ఫ్యాన్ తప్పదు. వేసవిలో లోపలి గాలి నిమిషానికోసారి పూర్తిగా మారాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 12 చదరపు మీటర్ల నేల, సగటున 2.5 మీటర్ల ఎత్తు అంటే 30 ఘనపు మీటర్లు. గంటకు 1,800 ఘనపు మీటర్ల గాలి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ కావాలన్నమాట.

నీడ విషయంలో ఒక నియమం ఎప్పటికీ మరవకూడదు: ఎండను కప్పు బయటే ఆపాలి. షేడ్‌నెట్‌ను పాలిథీన్ కింద కడితే వెలుతురు తగ్గుతుంది కానీ వేడి అప్పటికే లోపలికి వచ్చేసింది. నెట్ దాన్ని పీల్చుకుని మొక్కల నెత్తిన కుంపటిలా కూర్చుంటుంది. కప్పుకు అడుగు, అడుగున్నర ఎత్తులో తీగల మీద పరిస్తే ఆ వేడిని గాలి బయటే తీసుకుపోతుంది. నల్ల నెట్ కంటే తెల్లది, అద్దంలా మెరిసే అల్యూమినియం పూతది మేలు. షేడ్‌నెట్ మీద 50 శాతం అని ఉంటే అంత వెలుతురు ఆపుతుందని అర్థం. కాయగూరలకు వేసవి ఎండలో సగం నుంచి మూడింట రెండు వంతులు కావాలి, ఆకుకూరలకు మూడో వంతు సరిపోతుంది. పాలిథీన్ కప్పు కూడా కొంత ఆపుతుంది కాబట్టి కాయగూరల మీద 30–35 శాతం నెట్ దాటకుండా ఉంటే మంచిది. ఆ నెట్‌ను శాశ్వతంగా కుట్టేయొద్దు. తాడు లాగితే పక్కకు జరిగేలా పెట్టుకోండి. వారం రోజులు మబ్బు పట్టినప్పుడు నెట్ కింద టమాటా సన్నగా సాగి, కాడ బలం లేకుండా పోతుంది.

నెట్ కొనే స్తోమత లేకపోతే కప్పు మీద సుద్ద నీళ్లు చల్లడం ఉంది. స్పెయిన్‌లోని అల్మేరియాలో 30,000 హెక్టార్లకు పైగా ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లు ఉన్నాయి. అక్కడి రైతులు ఎండాకాలంలో కప్పులను తెల్లబరుస్తారు. ఆ తెల్లటి కప్పులు ఎండను ఎంతగా తిప్పికొడతాయంటే, స్పెయిన్‌లోని మిగతా చోట్ల వేడి పెరుగుతుంటే అక్కడ మాత్రం దశాబ్దానికి 0.3 డిగ్రీల చొప్పున తగ్గుతూ వచ్చిందని 2008లో ఒక పరిశోధన తేల్చింది. మన చిన్న కప్పుకు బకెట్ సుద్ద నీళ్లు చాలు. వానలు మొదలయ్యాక అదే కడుక్కుపోతుంది.

షీటు 200 మైక్రాన్లది, అతినీలలోహిత కిరణాలను తట్టుకునేలా తయారైనది తీసుకోండి. మామూలు పాలిథీన్ ఒక వేసవికే పెళుసై చిరుగుతుంది. మంచిదైతే మూడేళ్లు వస్తుంది. అది ఎక్కువగా చిరిగేది కాలే ఇనుప పైపుకు ఆనుకున్న చోటే. ఆ గీత పొడవునా పైపుకు తెల్ల రంగు వేస్తే షీటు ఆయుష్షు పెరుగుతుంది. పీవీసీ పైపులతో చట్రం చేసుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటి: పీవీసీ తగిలిన చోట పాలిథీన్ త్వరగా పాడవుతుంది, మధ్యలో ఏదైనా గుడ్డ పట్టీ చుట్టాలి.

గాలివాన గురించి ఎవరూ ముందు ఆలోచించరు. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగా నిలబడ్డ చదరపు మీటరు మీద దాదాపు 48 కిలోల బరువుతో నెడుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లు. గ్రీన్‌హౌస్ గాలికి విరిగేకన్నా ఎక్కువగా పైకి లేచిపోతుంది. కాబట్టి కాళ్లను కాంక్రీటులో పాతండి. మేడ మీదైతే పిట్టగోడకు కాదు, శ్లాబుకు లెక్క ప్రకారం బిగించిన దిమ్మెలకు కట్టాలి. మేడ మీద ఇంకో లెక్క బరువు. తడిసిన మట్టి ఒక అడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోలు దాటొచ్చు. నివాస గృహాల శ్లాబులను సాధారణంగా 150 నుంచి 200 కిలోల వాడుక భారానికే లెక్కగడతారు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), కంపోస్ట్ కలిపిన తేలిక మిశ్రమం, బీముల వెంట అమర్చిన బ్యాగులు, ఇంజనీరుతో ఒక మాట. ఈ మూడూ లేకుండా మేడ మీద మట్టి మడులు వేయొద్దు.

ఏది పండుతుంది, ఎప్పుడు

పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి 24కు తగ్గకపోతే మామూలు టమాటా రకాలు కాయ కట్టడానికి మొరాయిస్తాయి. పగటి వేడిని నీడతో, గాలితో తగ్గించగలం. రాత్రి బయటే వెచ్చగా ఉంటే ఏ షీటూ ఏమీ చేయలేదు. ఇంకో చిక్కు: వేడి దెబ్బ పువ్వు విచ్చిన రోజున మాత్రమే తగలదు. అంతకు వారం పది రోజుల ముందు, మొగ్గలో పుప్పొడి తయారయ్యేటప్పుడే తగులుతుంది. ఈ రోజు పూత రాలిందంటే కారణం పోయిన వారపు ఎండలో ఉండొచ్చు. పండే దశలోనూ 30 డిగ్రీలు దాటితే ఎర్రదనాన్నిచ్చే లైకోపిన్ సరిగా తయారవదు, కాయ నారింజ రంగులోనే ఆగిపోతుంది. అలాంటి రోజుల్లో రంగు తిరగడం మొదలవగానే కోసి ఇంట్లో చల్లటి చోట పెడితే చక్కగా ఎర్రబడుతుంది.

టమాటా తన పుప్పొడితోనే కాయ కడుతుంది, కానీ కదలిక కావాలి. పుప్పొడి గొట్టంలాంటి కేసరాల లోపల ఉంటుంది, పువ్వు అదిరితేనే రాలుతుంది. బయట ఆ పని గాలి, తుమ్మెదలు చేస్తాయి. నెట్ లోపల మనమే చేయాలి. ఉదయం పది గంటల తర్వాత, ఆకుల మీద తేమ ఆరాక, గుత్తి కాడను ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక వైపుతో రెండు సెకన్లు తాకండి. కింద నల్ల కాగితం పట్టుకోండి. సన్నటి పసుపు పొడి రాలితే ఆ గుత్తి మీద ఆశ ఉంది. ఎన్ని పూలు అదిలించినా కాగితం నల్లగానే ఉంటే పుప్పొడి దెబ్బతింది, లేదా తేమకు ముద్దకట్టింది. ఎరువు డబ్బా వైపు చూడకుండా థర్మామీటర్ చూడండి.

దోస జాతికి సంగతి వేరు. మగపువ్వు, ఆడపువ్వు విడివిడిగా ఉంటాయి, తేనెటీగ రావాలి. నెట్ వేసిన ఇంట్లో కీర పెంచాలంటే పరాగసంపర్కం లేకుండానే కాయ కట్టే రకాలు వేయాలి. కాకర, బీర, సొర అయితే పొద్దున్నే లేదా సాయంత్రం, ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటే అప్పుడు, మగపువ్వు తెంచి ఆడపువ్వుకు చేత్తో అద్దాలి.

లెట్యూస్ లాంటి చలి ఆకులను వేసవిలో పెంచాలని పట్టుబట్టేవాళ్లకు తరచూ ఎదురయ్యే సమస్య మొలకే రాకపోవడం. విత్తనం చెడ్డది కాదు. 30 డిగ్రీలు దాటిన మట్టిలో అది నిద్రలోకి జారుకుంటుంది. ఇంట్లో చల్లటి మూల మొలకెత్తించి తర్వాత బయటికి తేవాలి. అంత కష్టం అక్కర్లేదనుకుంటే తోటకూర, బచ్చలి, బెండ, వంగ, అలసంద ఉన్నాయి. ఇవి వేడిని ఓర్చుకుంటాయి, వీటిలో చాలావాటికి గొడుగు కూడా అక్కర్లేదు. కాబట్టి గ్రీన్‌హౌస్‌లో ఉన్న కాస్త చోటును టమాటా, క్యాప్సికం, కీర, నారుమడులకు ఇవ్వడం తెలివైన పని. ముఖ్యంగా వానాకాలపు టమాటాకు ఈ గొడుగుతో వచ్చే లాభం అంతా ఇంతా కాదు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం ఉష్ణమండలపు వానల కాలానికి సూచించిన పద్ధతి కూడా ఇదే: వంగ వేరు మీద అంటుకట్టిన టమాటా, పైన వాన కప్పు. వంగ వేరు నీటి ముంపును, బ్యాక్టీరియా ఎండు తెగులును తట్టుకుంటుంది, కప్పు ఆకు తెగుళ్లను తగ్గిస్తుంది.

కప్పు కింద మట్టి

వేళ్ల దగ్గరి వేడిని మనం పట్టించుకోం, ఎందుకంటే అది కనపడదు. ఎండ తగిలే నల్ల కుండీ లోపలి మట్టి గాలికన్నా వేడెక్కుతుంది. 35 దాటితే వేళ్లు పని తగ్గిస్తాయి. తెల్లటి బ్యాగులు వాడండి, కుండీలను దగ్గర దగ్గరగా పెట్టి ఒకదానికొకటి నీడయ్యేలా చూడండి, మట్టి మీద ఎండుటాకులు కప్పండి. మట్టి లేకుండా నీటిలో పెంచే హైడ్రోపోనిక్స్‌కు వేడి ఇంకా పెద్ద శత్రువు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 35 డిగ్రీలకు అది 7కు పడిపోతుంది. అదే సమయంలో వేళ్లకు అవసరం పెరుగుతుంది, వేరుకుళ్లు శిలీంధ్రాలకూ హుషారు పెరుగుతుంది. నీటి తొట్టిని నేలలో పాతడమో, నీడలో పెట్టడమో చేయలేకపోతే మట్టితోనే మొదలుపెట్టండి.

నీళ్లు కొంచెం కొంచెంగా రోజుకు రెండు మూడు సార్లు డ్రిప్‌తో ఇవ్వడం మేలు. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే టమాటా కాయ అడుగు నల్లబడి లోపలికి కుంగుతుంది. కాల్షియం అందక వచ్చే జబ్బు ఇది. మట్టిలో కాల్షియం ఉన్నా, దాన్ని మోసుకెళ్లే నీరు తడబడితే కాయ చివరిదాకా చేరదు.

వాన పడని మట్టికి మరో బాధ ఉంది. నీళ్లలోని, ఎరువుల్లోని లవణాలు కిందికి కడుక్కుపోవు, ఏటికేడు పేరుకుంటాయి. మట్టి పైన తెల్లటి పొర, ఆకు అంచులు మాడటం దాని గుర్తులు. పంటకూ పంటకూ మధ్య ఒకసారి కప్పు షీటు చుట్టేసి వాన పడనివ్వండి, లేదా మంచి నీటితో పారేదాకా తడపండి. వాన కడగని ఆకుల మీద ఎర్రనల్లి, బూడిద తెగులు త్వరగా వస్తాయి కూడా. వారానికోసారి ఆకు తిప్పి అడుగు భాగం చూసే అలవాటు వీటి విషయంలో ఏ మందుకన్నా ముందు పనిచేస్తుంది.

ఒకే చోట టమాటా జాతి పంటలే వేస్తూ పోతే వేళ్లకు బుడిపెలు కట్టే నులిపురుగులు స్థిరపడతాయి. ఇక్కడే ఇన్నాళ్లూ మనం తప్పించుకోవాలని చూసిన వేడి మన చేతి పనిముట్టవుతుంది. ఇజ్రాయెల్‌కు చెందిన యాకోవ్ కటాన్, ఆయన సహచరులు 1976లో వెల్లడించిన పద్ధతి ఇది. ఏడాదిలో అన్నిటికన్నా వేడి నెలలో, ఏ పంటా నిలవని రోజుల్లో, మడులు ఖాళీ చేసి, మట్టి తిరగేసి, గడ్డలు చితిపి, బాగా తడపాలి. తడి మట్టి వేడిని లోతుకు తీసుకెళుతుంది. దాని మీద పలుచటి పారదర్శక పాలిథీన్ గాలి దూరకుండా పరిచి, అంచులు మట్టితో పూడ్చి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. పై పొరల్లో మట్టి 45 నుంచి 50 డిగ్రీల దాకా చేరి చాలా నులిపురుగులను, శిలీంధ్రాలను, కలుపు విత్తనాలను చంపేస్తుంది.

ఆ వారాలన్నీ మాత్రం పక్కల్లో పైకి చుట్టి ఉంచిన పాలిథీన్ పరదాలు దించండి, నడిమిట్ట సందు మూసేయండి, తలుపు బిగించండి. లోపల డ్రిప్ పైపులు, ప్లాస్టిక్ సామాను ఉంటే ముందే తీసి పెట్టుకోండి. తెరిచే రోజు తెల్లవారుజామునే వెళ్లండి. షీటు లాగుతుంటే అడుగున పట్టిన నీటి చుక్కలు వరసగా జారుతాయి. కింద మట్టి ఒక్క కలుపు మొక్క లేకుండా, పిడికిట పడితే పొడిపొడిగా రాలేలా ఉంటుంది. రెండు రోజులు గాలికి ఆరనిచ్చి, లోతుగా తవ్వకుండా పైపైన కంపోస్ట్ కలిపి నారు నాటండి. నాటిన రోజే పక్క పరదాలు మళ్లీ పైదాకా చుట్టేయండి.